చేప నోరు తెరిస్తే ఆకలేనా?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. బెంగళూరులో మా పెరటి కుంటలో ఉన్న చేపలకు ఆ కబురు ఇంకా ముందే, రథసప్తమి నాటికే అందుతుంది. తెల్లవారుజామున గాలి అప్పటికీ చల్లగానే ఉంటుంది, నేను శాలువా కప్పుకునే బయటికి వస్తాను. కానీ మధ్యాహ్నం మూడు దాటాక కుంట గట్టున కూర్చుంటే తేడా తెలుస్తుంది. డిసెంబరు నుంచి కలువ కుండీల వెనక అడుగున గుంపుగా నిలబడి, మొప్పలు తప్ప ఏమీ కదపకుండా ఉన్న చేపల్లోంచి ఒకటి విడివడి ఎండ పడే మూలకు వస్తుంది. కాసేపు అక్కడే ఆగి, మళ్ళీ వెనక్కి పోతుంది. రెండు మూడు రోజుల్లో ఇంకో రెండు వస్తాయి. అంతకుముందు ఒంటికి అంటుకుపోయి ఉన్న రెక్కలు విచ్చుకుంటాయి. పైన ఆకు రాలితే ఉలిక్కిపడి పక్కకు తప్పుకుంటాయి. జనవరిలో అదే ఆకు నెత్తిన పడ్డా కదిలేవి కావు.

మాది రామమూర్తి నగర్ దాటాక ఉన్న పాత ఇండిపెండెంట్ ఇల్లు. పెరట్లో పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, మూడడుగుల లోతున సిమెంటు కుంట కట్టించుకున్నాం. దాదాపు ఎనిమిది వేల లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో గోల్డ్‌ఫిష్‌లు, కొన్ని కోయ్‌లు (రంగురంగుల జపాను అలంకార చేపలు), మా మేనమామ పట్టుబట్టి వేయించిన రెండు శీలావతులు (రోహు చేపలు). సగం కుంట మీదికి కానుగ చెట్టు నీడ.

నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. మాఘం నుంచి ఉగాది దాకా, చేపలు పైకి వచ్చాయి కదా అని సంబరంగా మేత డబ్బా మూత తీయకండి. ముందు చూడండి. రోజూ చూడండి, తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొన్ని వారాల పాటు చూడటమే మీ పని అనుకోండి. మిగతా నెలల్లో చిన్న పొరపాటును కుంట సర్దుకుంటుంది. ఈ రెండు నెలల్లో సర్దుకోలేదు. ఎందుకు సర్దుకోలేదో తెలిస్తే ఎవరూ చెప్పకుండానే డబ్బా పక్కన పెట్టేస్తారని నా నమ్మకం.

చేప ఒంటి వేడి దాని చేతిలో లేదు. నీళ్ళు ఎంత వెచ్చగా ఉంటే ఒళ్ళూ అంతే. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో జరిగే పనుల వేగం దాదాపు రెట్టింపవుతుంది: గుండె కొట్టుకోవడం, ఊపిరి, అరుగుదల, అన్నీ. చలిదేశాల్లో కుంటల మీద మంచు గడ్డకట్టినప్పుడు అడుగున 4 డిగ్రీల నీళ్ళలో చేపలు నెలల తరబడి ఏమీ తినకుండా గడుపుతాయి. గోల్డ్‌ఫిష్‌ అయితే మరీ ఆశ్చర్యం. ఆక్సిజన్ దాదాపు లేని నీళ్ళలో కూడా ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి మొప్పల గుండా బయటికి పంపుతూ బతకగలదు. బెంగళూరులో దానికి ఆ అవసరం రాదు. ఈ ఊళ్ళో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ గాలి ఉష్ణోగ్రతే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలు జనవరి రాత్రి 15, 16 డిగ్రీలుంటుంది. మా కుంటలో తెల్లారి థర్మామీటరు పెడితే 19, 20 చూపిస్తుంది.

అందుకే ఇంటర్నెట్‌లో కోయ్ పెంపకం గురించి దొరికే సలహాలు ఇక్కడ సరిగ్గా కుదరవు. నీళ్ళు 10 డిగ్రీలు దాటాక మేత మొదలుపెట్టండి, 15 దాటితే పెంచండి అంటారు వాళ్ళు. ఆ లెక్కన మనకు ఏడాది పొడుగునా మేత కాలమే. దాంతో చాలామంది బెంగళూరులో చేపలకు చలికాలమే లేదని తేల్చేస్తారు. మూడు నెలలు అడుగున కదలకుండా ఉన్న చేపను చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. మన చలి చేపను నిద్రపుచ్చదు, నెమ్మదింపజేస్తుంది, అంతే. కాబట్టి మన వసంతం కూడా ఒక్కరోజులో మంచు కరిగినట్టు రాదు. ఫిబ్రవరిలో మధ్యాహ్నం 30 డిగ్రీలు, రాత్రికి మళ్ళీ 17. పైన జానెడు నీళ్ళు వెచ్చబడి, రాత్రికి చల్లారి, మర్నాడు కొంచెం ఎక్కువ వెచ్చబడతాయి. చేప ఆ పైపొరలోకి వచ్చి పోతూ ఉంటుంది. పగటి పొడుగు పెరగడం కూడా దానికి తెలుస్తుంది. కళ్ళతోనే కాదు, నడినెత్తిన పుర్రె పైకప్పు కింద ఉండే పీనియల్ గ్రంథి వెలుతురును పసిగడుతుంది. రథసప్తమికి సూర్యుడి రథం ఉత్తరానికి మళ్ళుతుందని మనం జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తాం. ఆ మళ్ళడాన్ని నెత్తితో చూసే జీవి మా పెరట్లో ఉందని తెలిసినప్పటి నుంచి ఆ పండగ నాకు మరింత ఇష్టమైంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు పొద్దున్నే చేపలన్నీ పైకి వచ్చి, నీటి అంచున నోళ్ళు తెరిచి మూస్తూ కనిపిస్తాయి. ఇంటికి వచ్చిన చుట్టాలు చూసి, "అయ్యో, పాపం ఆకలేస్తున్నట్టుంది, ఏమైనా వెయ్యమ్మా" అంటారు. అనడమే కాదు, చేతిలో ఉన్న ఇడ్లీ ముక్క తుంచి వేసేస్తారు. చేప తింటుంది కూడా. తింది కాబట్టి అది ఆకలే అని ఖాయమైపోతుంది.

సూర్యోదయానికి ముందు పైకి వచ్చి నోరు తెరిచే చేప చాలాసార్లు అడిగేది గాలి. రాత్రంతా నీళ్ళలో మొక్కలు, నాచు, బ్యాక్టీరియా, చేపలు అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి. వెలుతురు లేదు కాబట్టి కొత్తగా తయారుచేసేవాళ్ళు లేరు. అందుకే తెల్లారబోయే ముందు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. ఆ వేళ గాలి తగిలే పైపొరలో మాత్రమే కాస్త ఊపిరి ఆడుతుంది. అక్కడికి చేరి మూతి ఆనిస్తాయి. అదే చేప సాయంత్రం నాలుగున్నరకు పైకి వచ్చి టప్‌మని నీళ్ళు చిమ్మి కిందికి పోయిందంటే వేరే సంగతి, అది దోమనో చిన్న పురుగునో పట్టింది. రెండుసార్లూ కనిపించేది నీటి మీద చేప నోరే. మొదటిదాంట్లో చేప ఒకేచోట వేలాడుతుంది, మొప్పలు గబగబా కొట్టుకుంటాయి, మీరు దగ్గరికి వెళ్ళినా బెదరదు. రెండోదాంట్లో మీ నీడ పడగానే మాయమవుతుంది. ఈ తేడా ఏ పుస్తకమో చదివితే అర్థం కావచ్చు, గుర్తుపట్టాలంటే మాత్రం మీ కుంట దగ్గర మీరే కూర్చోవాలి.

ఊపిరాడని చేపకు మేత వేస్తే ఏమవుతుంది? అరిగించుకోవడానికి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. తినని మేత కుళ్ళి ఇంకొంత లాగేసుకుంటుంది. మర్నాడు తెల్లారి ఇంకా ఎక్కువ చేపలు పైకి వస్తాయి. ఇంకా ఆకలేస్తోంది కాబోలు అని ఇంకో గుప్పెడు వేస్తారు. ప్రేమతోనే వేస్తారు. ఈ వలయం నుంచి బయటపడటానికి ఎవరో ఒకరు చెయ్యి ఆపాలి.

తింటుంది కాబట్టి ఆకలే అనే వాదన కూడా నిలవదు. కోయ్, గోల్డ్‌ఫిష్, శీలావతి, బొచ్చె, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటికి మనలాగా జీర్ణాశయమనే సంచి ఉండదు. గొంతులో ఉన్న పళ్ళతో నలిపి మింగింది నేరుగా పేగులోకి పోతుంది. కడుపు నింపుకుని ఇక చాలనుకునే తీరు వాటిది కాదు, పగలంతా కొద్దికొద్దిగా వెతుక్కుని తినే తీరు. ఎప్పుడు వేసినా నోరు పెడతాయి. వాటి నోటిని బట్టి మేత కొలత నిర్ణయించే వీల్లేదు.

ఇక్కడ బెంగళూరుదైన ఇంకో చిక్కు ఉంది. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నర. మనం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అందులోనూ ఇంకో పదో వంతు కోత. చేపకు అవసరం రెట్టింపయ్యే కాలంలోనే నీళ్ళలో నిల్వ తగ్గుతోందన్నమాట. బెంగళూరు వాతావరణం చల్లగా హాయిగా ఉంటుందని మురిసిపోయే మనకు, ఇదే ఎత్తు చేపకు ఎంత బరువో తట్టదు.

మా మామయ్య ఆకివీడు దగ్గర చెరువులు లీజుకు తీసుకుని ఎన్నో ఏళ్ళుగా చేపలు పెంచుతున్నాడు. ఆ వైపు పెద్ద చెరువుల్లో వెదురు గడలు పాతి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, నూనెగింజల చెక్క నింపి వాటికి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. సంచి ఎంతసేపటికి ఖాళీ అయిందో చూసి మర్నాటి మేత లెక్క వేస్తారు. చెరువు గట్టున గుడిసెలో పడుకుని తెల్లవారుజామున టార్చి వేసుకుని నీటి మీద చేపలు తేలాయేమోనని తిరగడం మామయ్యకు వయసు మీద పడ్డా మానలేని అలవాటు. ఇక్కడికి వచ్చినప్పుడు కూడా చీకట్లోనే లేచి మా కుంట చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తాడు. ఒకసారి మబ్బుగా ఉన్న రోజు నేను మేత తీయబోతే ఆపాడు.

"మబ్బు పట్టిందంటే మా దగ్గర ఆ రోజు మేత బంద్. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి పుట్టదు. చేప ఒక పూట తినకపోతే చావదమ్మా. ఒక్క రాత్రి గాలి అందకపోతే లారీ సరుకు తెల్లారేసరికి పైకి తేలుతుంది."

ఎకరాల చెరువుల్లో లక్షలు పెట్టినవాళ్ళు ఇంత జాగ్రత్తగా చూస్తుంటే, పది చేపలను ముచ్చటకు పెంచుకునే మనం చూడకపోవడానికి కారణం ఏమీ లేదు. వాళ్ళకు డబ్బు పోతుందన్న భయం ఉంది, మనకు లేదు. ఊపిరాడక చావడంలో చేపకు ఆ తేడా తెలియదు.

ఆక్సిజన్ సంగతి కాస్త తెలిసినవాళ్ళు కూడా అమ్మోనియాను మర్చిపోతారు. చేప తిన్న మాంసకృత్తుల్లోంచి వచ్చే వ్యర్థం ఎక్కువగా అమ్మోనియా రూపంలో మొప్పల గుండానే నీళ్ళలో కలుస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ రాళ్ళ మీద, కుంట గోడల మీద జిగురుగా పట్టుకుని ఉంటుంది. చలి నెలల్లో చేపలు తక్కువ తింటాయి, అమ్మోనియా తక్కువ, కాబట్టి ఆ బ్యాక్టీరియా కూడా పలచబడుతుంది. మిగిలినవి చల్లటి నీళ్ళలో మందంగా పనిచేస్తాయి. మామూలు బ్యాక్టీరియా కొన్ని అరగంటలోపే రెట్టింపు అవుతాయి. ఇవి అలా కాదు, రెట్టింపు కావడానికి వాటికి గంటలు గంటలు, ఒక్కోసారి రోజు పైన పడుతుంది. చేపకు ఆకలి రెండు మూడు ఎండ రోజుల్లో పుడుతుంది. ఈ బ్యాక్టీరియా అందుకు సరిపడా పెరగడానికి వారాలు కావాలి. పెళ్ళికి బస్సు దిగిన బంధువులు విస్తళ్ళ ముందు కూర్చున్నారు, వంటవాళ్ళు ఇంకా పొయ్యి రాజేయలేదు. మాఘమాసంలో కుంట పరిస్థితి సరిగ్గా ఇదే.

పైగా అదే ఎండకు నాచు పెరుగుతుంది. నాచు పగలు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ (నీళ్ళు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత) పైకి పోతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్ళు చూడటానికి అద్దంలా ఉన్నా సరే. అందుకే ఈ నెలల్లో కంటితో పాటు ఒక అమ్మోనియా టెస్ట్ కిట్ కూడా పెట్టుకోమంటాను. చుక్కలు వేసి రంగు చూసే రకం అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. చేపల మందుల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే అది ఏమంత కాదు.

మన వసంతానికి ఇంకో లక్షణం ఉంది. చలిదేశాల్లో ఆకులు రాలేది చలికి ముందు. ఇక్కడ ఎండ ముదిరేటప్పుడే. మన పంచాంగం ఆ సంగతిని చక్కగా పట్టుకుంది: మాఘ ఫాల్గుణాలు శిశిరం, ఆకు రాలే కాలం, దాని వెంటనే చైత్రం. బెంగళూరులో టబేబుయా చెట్లు గులాబీ రంగు పూలతో రోడ్లు నింపే రోజుల్లోనే మా కానుగ తన ఆకులన్నీ కుంటలో పడేస్తుంది. కొత్త చిగుళ్ళు, ఆ వెనకే పూలు. చేపలు లేచి తిరిగే నీళ్ళలో అడుగున ఆకులు కుళ్ళుతుంటాయి. మేత వేయాలని చెయ్యి తహతహలాడేవాళ్ళకు నేను వలగరిటె చేతికిస్తాను. పొద్దున పది నిమిషాలు ఆకులు తీయడం కన్నా చేపలకు చేయగల పెద్ద మేలు ఆ రోజుల్లో ఇంకోటి లేదు. తీస్తూ ఉంటే చేపలను చూసినట్టూ ఉంటుంది.

నేను చెబుతున్నది పెరటి కుంటల గోల మాత్రమే అనుకోకండి. 2016 మార్చి మొదట్లో హలసూరు చెరువులో వేల చేపలు ఒక్కసారిగా చచ్చి తేలాయి. గట్టు పొడుగునా తెల్లగా పరుచుకున్న ఆ ఫోటోలు అప్పట్లో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. చెరువులోకి చేరే మురుగు, పడిపోయిన ఆక్సిజన్, ముదిరిన ఎండ, అన్నీ కలిసిన ఫలితం. నెల గమనించండి: మార్చి. మురుగు చలికాలంలోనూ వస్తూనే ఉంది. అప్పుడు చేపలు నెమ్మదిగా ఉన్నాయి, చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ ఉంది, ఎలాగో గడిచింది. ఎండ ముదిరి ఊపిరి అవసరం పెరిగేసరికి గడవలేదు. మనం కుంటలో పారేసే ఇడ్లీ ముక్కలు, బ్రెడ్డు, బొరుగులు నీటి లెక్కలో మురుగు కింద జమ. కొలత చిన్నది, కుంట కూడా చిన్నదే.

చేపలకు తిండి వేస్తే పుణ్యమని నమ్మేవాళ్ళతో నేను తగవు పడను. శృంగేరి వెళ్ళినప్పుడు తుంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుని నేనూ బొరుగులు వేశాను, చేతిలోంచి అందుకునేంత దగ్గరికి వచ్చే ఆ పెద్ద చేపలను చూసి ఒళ్ళు పులకరించింది. కానీ అది పారే నది. పడింది పోతుంది, కొత్త నీళ్ళు వస్తాయి. నాలుగు గోడల మధ్య నిలిచిన నీళ్ళలో వేసింది ఎక్కడికీ పోదు. పుణ్యం కావాలంటే నిలవ నీళ్ళలోని చేపకు తిండి ఆపి గాలి ఇవ్వండి. అన్నం పెట్టడమే దయ అనుకునే జాతి మనది, అందుకు నాకు గర్వం. ఆ దయ అవతలివాళ్ళకు ఏం కావాలో కాస్త కనుక్కుని చేస్తే చేపకూ అందుతుంది.

ఇంకో అభ్యంతరం బరువైనది. "తాగడానికి ట్యాంకర్ కొనుక్కునే ఊళ్ళో చేపల కుంటేమిటి?" అని మా వదినే అడిగింది. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, తాగునీటితో కార్లు కడిగినా, తోటకు పోసినా, ఫౌంటెన్ నడిపినా 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించిన రోజులవి. వదిన అడిగింది న్యాయమైన ప్రశ్న. వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకుంటున్న కావేరి నీళ్ళను అందం కోసం ఎండబెట్టడం తప్పే. కావేరి నీళ్ళతోనో, ట్యాంకర్‌తోనో నింపే కుంట కట్టవద్దని నేనూ చెబుతాను. చేపల వైపు నుంచి చూసినా ఆ నీళ్ళు మంచివి కావు. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, లోతు బోరు నీళ్ళలో ఆక్సిజన్ చాలా తక్కువ.

మాది వాన నీటి కుంట. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అది దాదాపు తొంభై వేల లీటర్లు. 2009 నుంచి ఈ ఊళ్ళో పెద్ద సైట్లకు వాన నీటి సేకరణ తప్పనిసరి కూడా. డాబా నీళ్ళు సంపులోకి, సంపులోంచి కుంటలోకి. మార్చి, ఏప్రిల్‌లలో మా కుంట నుంచి రోజుకు యాభై లీటర్లకు అటూ ఇటుగా ఆవిరవుతుందని నా లెక్క, అంటే మూడు బకెట్లు. అది సంపు నుంచి వస్తుంది. అడుగు నీళ్ళు తీసినప్పుడు కరివేపాకుకూ అరటికీ పోస్తాం, చేపల వ్యర్థంలో ఉన్న నత్రజని వాటికి ఎరువు. సంపు అడుగంటిన ఏడు చేపలను ఎవరికైనా ఇచ్చేసి కుంట ఎండబెట్టడానికి సిద్ధంగా ఉండాలి. అంత సిద్ధం కానివాళ్ళు కుంట జోలికి పోకపోవడం మంచిది.

చేపలు చురుకయ్యాక వచ్చే ఇంకో మార్పు కూడా చాలామందిని కంగారు పెడుతుంది. మగ గోల్డ్‌ఫిష్‌ల చెంపల మీద, మొప్ప మూతల మీద, పక్క రెక్కల ముందు అంచున తెల్లటి చిన్న పొక్కులు వస్తాయి. తెల్లమచ్చ జబ్బని టెన్షన్ పడి మందులు పోసేస్తారు. జబ్బయితే మచ్చలు ఒళ్ళంతా, తోక మీద కూడా, వరస లేకుండా ఉంటాయి, చేప గోడలకు రాసుకుంటుంది. ఇవి మాత్రం పొదిగినట్టు వరసగా ఉంటాయి, చేప ఆరోగ్యంగా ఉరకలేస్తుంటుంది. అది గుడ్లు పెట్టే కాలానికి మగచేప సింగారం. ఒకరోజు తెల్లారి ఆడచేపను రెండు మూడు మగచేపలు కుంట చుట్టూ తరుముతాయి, మొక్కల వేళ్ళకు ముత్యపు రంగు గుడ్లు అంటుకుంటాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లిదండ్రులే తినేస్తాయి. మా శీలావతులకు ఇదేమీ పట్టదు. వాటికి వసంతం కాదు, వానాకాలపు వరద నీటి పరుగు కావాలి. నిలవ నీళ్ళలో అవి గుడ్లు పెట్టవు. 1957 జూలైలో కటక్‌లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ గ్రంథి సారం ఇంజెక్షన్ ఇచ్చి ఇలాంటి చేపల చేత గుడ్లు పెట్టించేదాకా చెరువు రైతులు చేపపిల్లల కోసం ఎక్కువగా నదుల మీదే ఆధారపడేవాళ్ళు. మామయ్య చెరువుల్లోకి వచ్చే ప్రతి పిల్లా ఆ పనికి రుణపడి ఉంది.

గోల్డ్‌ఫిష్ పిల్లలు ఎక్కువైతే తీసుకెళ్ళి దగ్గర్లోని చెరువులో వదిలేసేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. అక్వేరియంలో గాజుకు పట్టిన నాచు తింటుందని కొని, పెద్దదయ్యాక వదిలేసిన నల్లటి గట్టి చర్మపు చేపను మా గోదావరి వైపు దెయ్యం చేప అంటున్నారు. వలలు చింపుతుంది, ఏ నీళ్ళలోనైనా బతుకుతుంది, మన చేపల తిండి తినేస్తుంది. అవి అలా అక్వేరియంల నుంచి బయటపడ్డ వాటి సంతానమే. పిల్లలు వద్దనుకుంటే గుడ్లున్న మొక్కను ఒక పూట ఎండలో పెట్టండి.

మరి మేత ఎప్పుడు? తెల్లారి కొలిస్తే నీళ్ళు వరసగా వారం పాటు 22, 23 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడు, తెల్లవారుజామున పైకి తేలడం లేదని మీ కళ్ళతో చూశాక, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా కనిపించనప్పుడు. పొద్దున పది దాటాక, ఎండ నీళ్ళ మీద పడి కాసేపయ్యాక, రెండు నిమిషాల్లో మిగలకుండా తినేంత. సాయంత్రం వద్దు, ఆ అరుగుదల భారం రాత్రి ఆక్సిజన్ మీద పడుతుంది. మా దగ్గర ఇది దాదాపు ఉగాది ముందు వారం అవుతుంది. ఎండాకాలంలో పడే మామిడి జల్లులకు మళ్ళీ ఆపుతాం, మొదటి వాన డాబా దుమ్మంతా మోసుకొస్తుంది కాబట్టి ఆ నీటిని కుంటలోకి రానివ్వం.

సొంత కుంట లేనివాళ్ళకు కూడా ఒక పని ఉంది. ఈ ఊళ్ళో అపార్ట్‌మెంట్లలో గేటు పక్కన చేపల కొలను, మధ్యలో ఫౌంటెన్ ఇప్పుడు మామూలైపోయింది. మా స్నేహితులుండే చోట ఆ ఫౌంటెన్ సాయంత్రం ఆరుకు రంగు లైట్లతో మొదలై రాత్రి పదింటికి ఆగిపోతుంది. నీళ్ళలో గాలి తగ్గడం మొదలయ్యేది ఆ తరవాతే. మార్చిలో అక్కడ చేపలు చచ్చిపోతే, నీళ్ళు మార్చలేదని తోటమాలిని తిట్టారు. అతని తప్పేమీ లేదు. మీ అసోసియేషన్ మీటింగ్‌లో ఈసారి పార్కింగ్ గొడవ తరవాత ఈ సంగతి కూడా ఎత్తండి: అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరిగే మోటారే కదా, లైట్లు ఆపేయండి, మోటారును మాత్రం రాత్రి పది నుంచి సూర్యుడు పైకి వచ్చేదాకా నడపండి. కరెంటు బిల్లు ఎక్కువవుతుందంటే సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆపుకోండి.